నీళ్ళు వదిలారా?

పొట్నూరు సన్యాసిరావు కార్తీక మాసంలోనే సముద్రంలోంచి పైకి వచ్చేశాడు గాని, అతనితో జతగా దిగిన త్రినాథ్ రాలేదు కాబట్టి, నిబంధనల ప్రకారం సన్యాసిరావు ఇంకా నీళ్ళలోనే ఉన్నాడు. విశాఖపట్నంలో ఈ సంగతి ఎవరికీ వింతగా తోచలేదు. ఓటర్ల జాబితాలో బతికున్నవాడు రేషను కార్డులో చచ్చిపోవడం, పాసుపుస్తకంలో ఉన్న పొలం భూమ్మీద లేకపోవడం చూసిన జనం వాళ్ళు. ఒడ్డున నిలబడ్డ మనిషి నీళ్ళలో ఉన్నాడంటే నమ్మడానికి వాళ్ళకేం కష్టం?

భీమిలి రోడ్డులో నీలిగవ్వ డైవింగ్ క్లబ్బని ఒక రేకుల షెడ్డు ఉంది. దాని ముందు సముద్రగర్భ విహార భద్రతా విభాగం వారి బోర్డు పాతారు. అంత పేరు ఎవరి నోటా పట్టదు కనుక ఆ విభాగాన్ని అందరూ లోతు ఆఫీసు అంటారు. సముద్రంలోకి ఎవరూ ఒంటరిగా దిగకూడదని, ఇద్దరు జతగా దిగాలని, ఒకరి సిలిండర్లో గాలి అయిపోతే రెండోవారు తమ గాలి పంచాలని ఆ బోర్డు మీద ఉంది. ఇది లోకమంతా ఉన్న పద్ధతే, మంచి పద్ధతే. దాన్ని తెలుగులోకి దించిన మహానుభావుడెవరో ఇంకాస్త లోతుకి దించి, ‘జతలో ఒకరు నీటియందుండగా రెండవవారు పైకి వచ్చినట్లు పరిగణింపబడరు’ అని రాశాడు. ఇంగ్లీషులో మొదట ఏముండేదో ఇప్పుడెవరికీ గుర్తులేదు.

పైకి వచ్చిన ప్రతి జతనీ ఒడ్డున బల్ల దగ్గర కూర్చున్న ఉద్యోగి ఒక ప్రశ్న అడుగుతాడు. “నీళ్ళు వదిలారా?” అంటాడు. “వదిలాం” అని ఇద్దరూ ఒక్క గొంతుతో చెప్పాలి. అప్పుడు ఆ డైవు ముగిసినట్టు. సన్యాసిరావు, త్రినాథ్ ఎన్నో ఆదివారాలు ఆ బల్ల ముందు తడి జుట్టుతో నిలబడి “వదిలాం” అని బడిపిల్లల్లా అరిచి, ఎదురుగా ఉన్న బండి దగ్గర ముంత మసాలా కొనుక్కుని తిన్నవాళ్ళే. సన్యాసిరావు దొండపర్తిలో కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాడు. త్రినాథ్ ఏసీలు బిగించేవాడు. వారమంతా ఊరివాళ్ళ గోడలకి చల్లగాలి బిగించి, ఆదివారం తన గాలి తాను మోసుకుని సముద్రంలోకి దిగితే గాని అతనికి ప్రాణం కుదుటపడేది కాదు.

ఆ ఆదివారం ఇద్దరూ మునిగిపోయిన పాత సరుకు ఓడని చూడడానికి దిగారు. ఓడ తుప్పు పట్టి ఉంది, గదుల్లో చేపలు కాపురాలు పెట్టాయి. త్రినాథ్ ఓడ అంచు దగ్గర ఆగి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాడు. నీళ్ళలో ఆ సైగకి బాగున్నావా అని అర్థం. సన్యాసిరావు కూడా సున్నా చుట్టి, బాగున్నానన్నాడు. అంతలో నీళ్ళు కలకబారి, అడుగునించి ఒక తోపు తోశాయి. కుదురుకుని చూస్తే ఓడ ఉంది, చేపలున్నాయి, త్రినాథ్ లేడు. ఒక్క నిమిషం వెతికి పైకి రమ్మంటుంది నియమం. సన్యాసిరావు గాలి అడుగంటేదాకా వెతికాడు.

పైకి వచ్చి బల్ల ముందు నిలబడితే ఉద్యోగి అలవాటుగా “నీళ్ళు వదిలారా?” అన్నాడు. సన్యాసిరావు “వదిలాను” అన్నాడు. ఒక్క గొంతే వినపడేసరికి ఉద్యోగి కలం మూసేశాడు. తర్వాత పడవలు తిరిగాయి, వలలు తిరిగాయి, కొన్నాళ్ళకి పేపర్లవాళ్ళు ఇంకో వార్త వైపు తిరిగారు. త్రినాథ్ దొరకలేదు. సన్యాసిరావుని నీళ్ళలో ఉన్నవాడిగా రాసుకుని, క్లబ్బువాళ్ళు అతనికి వారం వారం నింపిన సిలిండర్లు ఇంటికి పంపడం మొదలుపెట్టారు.

నీళ్ళలో కాపురం మొదట్లో ఎవరికైనా కష్టమే. మూతికి గాలి అందించే రెగ్యులేటరు, కళ్ళకి మాస్కు, వీపున సిలిండరు ఉండాలి. మాట్లాడకూడదు. సన్యాసిరావు బస్సెక్కితే జనం జరిగి సిలిండరుకి చోటిచ్చేవారు. మద్దిలపాలెం జంక్షన్లో చేపలమ్మే ఆవిడ గంప దించి, “ఏటి బాబూ, కిందేటైనా వంజరాలు కనపడ్డాయేటి? మాకిక్కడ ఒక్కటీ పడ్డం నేదు” అని అడిగేది. అతను అరచేయి అటూ ఇటూ ఊపేవాడు. అంతంతమాత్రమే అని ఆవిడకి అర్థమయ్యేది.

తాము వదిలిన ఊపిరి బుడగలకంటే వేగంగా పైకి వెళ్ళరాదని ఇంకో నియమం ఉంది. అందుకని అపార్ట్‌మెంటువాళ్ళు అతన్ని లిఫ్టు ఎక్కనివ్వలేదు. మూడో అంతస్తులో ఉన్న తన ఇంటికి మెట్ల మీద నిదానంగా వెళ్ళేవాడు. పైకి చేరేముందు కాసేపు ఆగి ఒంట్లో చేరిన గాలిని వదిలించుకోవాలి గనుక రెండో అంతస్తు మెట్ల మలుపులో ఆగేవాడు. రెండో అంతస్తులో ఉండే ఆవిడ మంచి మనిషి, అతని కోసం అక్కడొక కుర్చీ వేయించింది. డైవింగు చేసినవాడు వెంటనే ఎత్తులకి పోతే నెత్తురులో బుడగలు కడతాయి కదా, అందుచేత సింహాచలం కొండకి కూడా అతన్ని పోనివ్వలేదు. మొక్కు తీర్చుకోవలసినవాడు కొండ కింద తొలిపావంచా మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి, తలెత్తి ఓ దండం పెట్టుకుని తిరిగొచ్చాడు. అప్పన్న స్వామి ఏమీ అనుకోడు, ఆయనా ఏడాది పొడుగునా చందనంలో మునిగి ఉండేవాడే.

దుకాణంలో యజమాని అతన్ని చూపు పరీక్ష దగ్గర్నించి తప్పించాడు. నీళ్ళలో వస్తువులు ఉన్నదానికంటే పెద్దగా, దగ్గరగా కనపడతాయి కాబట్టి అతని కొలతలు నమ్మకూడదన్నాడు. మాట నిజమే. సన్యాసిరావుకి త్రినాథ్ అలాగే కనపడేవాడు. చెయ్యి చాపితే అందేటంత దగ్గరలో, ఓడ అంచున సున్నా చుట్టి నిలబడి ఉండేవాడు.

ఇంట్లో భార్య హేమలత, ఒకటో తరగతి చదివే కూతురు తులసి సైగలు నేర్చుకున్నారు. అన్నం పెట్టనా, కడుపు నిండిందా, స్కూలు బస్సు వచ్చింది, ఇవన్నీ చేతులతోనే జరిగిపోయేవి. హేమలతకి మొదట్లో ఇది నాలుగు రోజుల ముచ్చట అనిపించింది. తర్వాత తర్వాత, ఒకే మంచం మీద పక్కన పడుకున్న మనిషి అంత లోతులో ఉంటే ఎలా పిలవాలో ఆమెకి తెలియలేదు. మాస్కులోకి నీళ్ళు చేరితే తల వెనక్కి వాల్చి, పైఅంచు నొక్కిపట్టి, ముక్కుతో గట్టిగా ఊదాలని నియమం. సన్యాసిరావు తరచుగా ఊదేవాడు. మాస్కులోకి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో హేమలతకి తెలుసు. అడిగేది కాదు.

ఇదంతా సన్యాసిరావు ఎలాగో ఓర్చుకునేవాడే. ఓర్చుకోలేనిది ఒక్కటే. కంచరపాలెంలో త్రినాథ్ తల్లి బంగారమ్మ ఉంది. వారం వారం అతను వెళితే ఆవిడ టీ కాచి, ఎదురుగా కూర్చుని, “అక్కడేటయింది బాబూ?” అని అడిగేది. నీళ్ళలో ఉన్నవాడికి పైకి, కిందకి, బాగుంది, బాగులేదు, గాలి అయిపోతోంది, అటు చూడు లాంటి సైగలు గుప్పెడున్నాయి. తిరిగి చూసేసరికి నీ కొడుకు లేడమ్మా అని చెప్పడానికి సైగ లేదు. వెతికానమ్మా, నా గాలి అయిపోయేదాకా వెతికానమ్మా అనడానికి అసలే లేదు. నీళ్ళలో రాసుకునే పలక ఒకటి అతని నడుముకి వేలాడుతూనే ఉండేది గాని బంగారమ్మకి చదువు రాదు. “రాసీసి ఒకరి సేత సదివిస్తే నాకొద్దు. నీ నోట ఇనాల” అనేది. నోరు విప్పి ఆ తల్లికి ఆ నాలుగు మాటలు చెప్పడం కోసమైనా పైకి రావాలని సన్యాసిరావు గుండె కొట్టుకుపోయేది.

లోతు ఆఫీసులో దీనికి దారి లేకపోలేదు, కాకపోతే దారి గుండ్రంగా ఉంది. త్రినాథ్ గల్లంతయ్యాడని రాయాలంటే అతని జత పైకి వచ్చి వాంగ్మూలం ఇవ్వాలి. జత పైకి రావాలంటే త్రినాథ్ పైకి రావాలి. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు గాని, ఇక్కడ రెండువైపులా ఒకటే నుయ్యి. అధికారి ముక్తేశ్వరరావు కఠినుడు కాడు. సన్యాసిరావు వచ్చినప్పుడల్లా ఫ్యాను అతని వైపు తిప్పేవాడు.

“మనిషిగా మీరు నాకు కనిపిస్తూనే ఉన్నారు సన్యాసిరావు గారూ. అధికారిగానే కనిపించడం లేదు” అనేవాడు.

ఎండాకాలం సెలవుల ముందు ఆయనే కబురు పెట్టాడు. మన తీరాన్ని ప్రమాదరహిత తీరంగా ప్రకటించబోతున్నారని, చూడడానికి పైనించి బృందం వస్తోందని, ఇన్ని నెలలుగా ఒక మనిషి నీళ్ళలో ఉన్నాడంటే బాగుండదని చెప్పాడు. ఒక ఉపాయం కూడా చెప్పాడు.

“ఆ రోజు ఒంటరిగా దిగానని ఒక్క ముక్క అనండి చాలు. ఒంటరిగా దిగినందుకు మందలిస్తాం. అక్కడితో మీరు పైకి వచ్చేసినట్టే.”

సన్యాసిరావు పలక మీద త్రినాథ్ పేరు రాసి చూపించాడు.

“ఆయన దిగనే లేదు కదండీ. దిగనివాడు మునగడు.”

సన్యాసిరావు ఆ పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు.

“ఎక్కడున్నాడంటే, అది మా పరిధి కాదు. భూమ్మీద తప్పిపోయినవాళ్ళని చూసుకోవడానికి పోలీసులున్నారు” అన్నాడు ముక్తేశ్వరరావు నెమ్మదిగా, రోగికి మందు చెప్పినట్టు.

సన్యాసిరావు హేమలతని వెంటబెట్టుకుని కంచరపాలెం వెళ్ళాడు. సంగతంతా హేమలతే చెప్పింది. చెబుతున్నంతసేపూ తలెత్తలేదు. బంగారమ్మ వింటూ చింతపండు గింజలు తీసింది. అంతా అయ్యాక కుడిచేతి బొటనవేలు పైకెత్తి సన్యాసిరావుకి చూపించింది. సైగలు ఆవిడకి కొత్తేమీ కాదు. కొడుకు వంటింట్లో కూర్చుని నేర్పాడు. పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే సున్నా చుట్టేవాడు, పొయ్యి మీద పాలు పొంగుతుంటే బొటనవేలు ఎత్తేవాడు. డైవింగులో బొటనవేలంటే పైకి పద అని. అది చూపినప్పుడు ఎందుకని అడగకూడదు.

“అనీ బాబూ. ఆడు దిగనేదనీసి, పైకొచ్చీ. నీకు ఆడపిల్లుంది” అంది.

సన్యాసిరావు తల అడ్డంగా ఊపాడు. వాళ్ళన్నట్టు అంటే నోరు వస్తుంది, నిజమే. కాని ఆ నోటితో ఇక ఏం చెబుతాడు? దిగనివాడు ఎలా పోయాడో తల్లికి చెప్పడం ఎలా? ఇంత చిన్న సంగతి ముక్తేశ్వరరావుకి తట్టలేదు, బంగారమ్మకి తట్టింది. ఆవిడ చింతపండు పక్కన పెట్టింది.

“అయితే అమ్మా, జత తప్పినోడు నీళ్ళలో ఇంకొకర్ని జత కట్టొచ్చని నా కొడుకు సెప్పేవాడు. ఉందా ఆ రూలు?” అని హేమలతని అడిగింది.

“ఉంది పిన్నిగారూ. కానీ వాళ్ళు నీళ్ళలో ఉండాలి.”

“నానేటి ఒడ్డునున్నానేటి?” అంది బంగారమ్మ. “ఆ దినం కాణ్ణించి నానూ నీళ్ళలోనే ఉన్నాను గదమ్మా. వీధిలోకెళ్తే ఒక్కరూ మాటాడరు. బావున్నావా అనీసి దూరం నించి సెయ్యూపీసి ఎల్లిపోతారు. నానూ బావున్నానంటాను. ఇంకేటంటాను?”

మర్నాడు ముగ్గురూ లోతు ఆఫీసుకి వెళ్ళారు. ముక్తేశ్వరరావు రూలు రెండుసార్లు చదివి, కుర్చీలోంచి లేచి బంగారమ్మకి నమస్కారం పెట్టాడు. జత తప్పినవాడు నీటిలో ఉన్న మరొకరిని జతగా స్వీకరించవచ్చని అందులో ఉంది గాని, ఆ రెండోవారు ఎలా నీటిలోకి వచ్చారో అడగమని ఎక్కడా లేదు. బంగారమ్మ నీళ్ళలో ఉన్నట్టు నిర్ధారించడానికి ఆయన ఆవిడ ముఖం ఒకసారి చూశాడు. అంతకుమించి పరీక్ష అవసరం లేదన్నాడు.

“ఇక మీరిద్దరూ జత. ఇద్దరూ కలిసి పైకి వచ్చేస్తే కథ ముగిసింది. మాట్లాడుకోవచ్చు, కొండకెళ్ళొచ్చు, లిఫ్టెక్కొచ్చు. నేనొక ప్రశ్న అడుగుతాను, ఇద్దరూ ఒక్కసారే జవాబు చెప్పండి.”

జవాబు చెప్పడానికి సన్యాసిరావు రెగ్యులేటరు తీశాడు. ఇన్ని నెలల్లో అన్నం కోసం కాక, మాట కోసం తీయడం ఇదే మొదలు. మొదట వదిలాం అనాలి, తర్వాత బయటికి వెళ్ళి, మెట్ల మీద కూర్చోబెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని అంతా చెప్పాలి. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాడు. అమ్మా అని మొదలుపెట్టాలి. హేమలత వెనకాల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

“నీళ్ళు వదిలారా?” అన్నాడు ముక్తేశ్వరరావు.

బంగారమ్మ ఆయన వంక చూసి, “ఎవలికి బాబూ?” అంది.

“ఎవరికీ కాదమ్మా. మామూలుగా అందరినీ అడిగేదే.”

“నీళ్ళొదలడమంటే ఎవలికో ఒకలికే గదా బాబూ. ఎల్లిపోయినోళ్ళకి ఒదుల్తారు. మా మావకి ఒదిల్నాం, మా ఆయనకి ఒదిల్నాం. నా గుంటడు ఎల్తానన్నేదు. గుమ్మం కాడ నిల్సి ఎల్లొస్తానమ్మా అన్నాడు.” ఆవిడ గొంతు ఎత్తలేదు. బల్ల మీద చెయ్యి ఆనించి, “ఒదల్నేదు బాబూ. నాను ఒదల్ను” అంది.

ముక్తేశ్వరరావు సన్యాసిరావు వంక చూశాడు. సన్యాసిరావు నాలుక మీద ‘వదిలాం’ అనే మాట తయారుగా ఉంది. కాని అది ఇద్దరు కలిసి అనవలసిన మాట. అతను నీళ్ళు నమిలాడు. మరోసారి నమిలాడు. ఉప్పగా ఉన్నాయి. తర్వాత రెగ్యులేటరు మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు బంగారమ్మ అతని వైపు తిరిగింది. ఆ ఆర్నెల్లలో మొదటిసారి ఆవిడ ఏమయిందని అడగలేదు. కిటికీలోంచి కనపడుతున్న సముద్రాన్ని వేలితో చూపించింది. చూపించి, అదే చేత్తో బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టింది. బాగున్నాడా, అని.

నీళ్ళలో ఆ సైగ చేస్తే జవాబివ్వకుండా ఉండకూడదు. భద్రతా పాఠాల్లో మొట్టమొదటి పాఠం అది. సన్యాసిరావు ఆవిడ ముఖం చూశాడు. మాస్కులోంచి చూస్తే ఆ ముఖం పెద్దగా, చాలా దగ్గరగా ఉంది. చెప్పాలనుకున్నవన్నీ అతని ఛాతీలోంచి బుడగలుగా లేచి ఎటో పోయాయి. అతను చెయ్యెత్తి సున్నా చుట్టాడు. బాగున్నాడు.

బంగారమ్మ కళ్ళు తుడుచుకుని, తృప్తిగా తలూపింది.

ముక్తేశ్వరరావు ముఖం ఒక్కసారిగా విచ్చుకుంది. నీటిలో ఉన్న ఒక వ్యక్తి నీటిలో ఉన్న మరో వ్యక్తి క్షేమం గురించి సైగతో చెబితే ఆ సాక్ష్యం చెల్లుతుంది, దానికి పైకి రానక్కర్లేదు. ఈ రూలు ఆయనకి ఇన్నాళ్ళూ గుర్తు రాలేదు. అక్కడికక్కడే రాసుకున్నాడు. నీటిలో ఉన్నవారు ముగ్గురు. ముగ్గురూ బాగున్నారు. ప్రమాదాలు సున్నా.

బృందం వచ్చింది, కొబ్బరినీళ్ళు తాగింది, తీరాన్ని ప్రమాదరహిత తీరంగా ప్రకటించి వెళ్ళింది. సెలవుల్లో జనం బాగా వచ్చారు. నీలిగవ్వ క్లబ్బు షెడ్డుకి నీలం రంగు వేశారు, బల్ల దగ్గరి ఉద్యోగికి గొడుగు కొన్నారు. బంగారమ్మకి కూడా ఒక మాస్కు, చిన్న సైజు సిలిండరు పంపారు. ఆవిడ సిలిండరుని బియ్యం డబ్బా పక్కన నిలబెట్టుకుని, మాస్కుని కొడుకు చొక్కా ఉన్న చిలక్కొయ్యకి తగిలించింది. సన్యాసిరావు వారం వారం వెళుతూనే ఉన్నాడు. ఆవిడ టీ ఇస్తుంది, సముద్రం వైపు చూపించి సున్నా చుడుతుంది, అతనూ చుడతాడు. ఆ పూట ఆవిడ కడుపునిండా అన్నం తింటుంది. అతనికి ఇంటికొచ్చాక ముద్ద దిగదు.

లోతు ఆఫీసుకి ఈమధ్య రద్దీ పెరిగింది. ఎన్నడూ సముద్రంలో కాలు పెట్టనివాళ్ళు కూడా వచ్చి, తాము నీళ్ళలో ఉన్నామని రాసుకోమంటున్నారు. ముక్తేశ్వరరావు వాళ్ళ ముఖాలు చూసి రాసుకుంటున్నాడు.

బళ్ళు తెరిచాక ఒక సోమవారం పొద్దున హేమలత తులసిని స్కూలు బస్సెక్కించి మెట్లెక్కి వస్తోంది. లిఫ్టు ఖాళీగానే ఉంది. ఎందుకో ఎక్కబుద్ధి కాలేదు. రెండో అంతస్తు ఆవిడ తలుపు తీసి, “ఏమ్మా, బాగున్నారా?” అంది. హేమలత ఆగి, జవాబు చెబుదామని నోరు తెరిచింది. మాట రాలేదు. చెయ్యెత్తి సున్నా చుట్టింది.

రెండో అంతస్తు ఆవిడ లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి, మెట్ల మలుపులో సన్యాసిరావు కుర్చీ పక్కన వేసింది.